హతసాక్షియగు జస్టిన్

దుర్జనుడు న్యాయపీఠమున గూర్చుండి సజ్జనుని శిక్షించుట లోకమున నూతనము గాదు. అట్టి వృత్తాంతము విన్నప్పుడు మనకు కోపము వచ్చును గాని సంశయము గలుగదు. తప్పెవ్వరిదో స్పష్టముగనే యుండును. విద్యావంతుడు, ధర్మచింతన గలవాడు అని పేరొందిన న్యాయాధికారి మరియొక ధర్మచింతకునకు మరణదండన విధించినప్పుడే మనము నిలిచి యాలోచింపవలసి యున్నది. తప్పు అప్పుడు మనుష్యునియందున్నదా, శాసనమునందున్నదా, లేక వారిరువురి సిద్ధాంతములయందే యున్నదా యను ప్రశ్న పుట్టును.

క్రీ.శ. 165 ప్రాంతమున రోమునగరమున అట్టి విచారణ యొకటి జరిగెను. విచారించినవాడు నగరాధిపతియగు జూనియస్ రుస్టికస్. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు స్టోయిక్ తత్త్వమును బోధించిన గురువితడే. ముద్దాయి జస్టిన్, తత్త్వవేత్తలు ధరించు ఉత్తరీయమును విడువకయే క్రీస్తుమతమును బోధించినవాడు. ఇరువురును మరణమునకు వెరవరాదని శిష్యులకు నేర్పినవారే. సద్గుణమునకు మించిన సంపద లేదనుటలో ఇరువురును ఏకాభిప్రాయులే. అయినను ఒకరు తీర్పు చెప్పిరి, మరియొకరు తల యొగ్గిరి. ఇది యెట్లు సంభవించెనో తెలియుటకై జస్టిన్ జీవితమును మొదటినుండి పరిశీలింతము.

జస్టిన్ క్రీ.శ. 100 ప్రాంతమున పాలస్తీనాలోని సమరియ మండలమున ఫ్లావియా నేయపోలిస్ అను పట్టణమున జన్మించెను. ఇదియే నేటి నాబ్లస్. యూదుల తిరుగుబాటు నణచినపిదప వెస్పేసియన్ చక్రవర్తి 72వ సంవత్సరమున, పురాతనమైన షెకెము చేరువ, ఈ పట్టణమును నెలకొల్పెను. జస్టిన్ తండ్రి పేరు ప్రిస్కస్, తాత పేరు బాఖియస్. ఒకటి లాటిను పేరు, రెండవది గ్రీకు పేరు. సమరియ గడ్డపై పుట్టినను ఇతడు సున్నతి పొందినవాడు కాడు. యూదుల ధర్మశాస్త్రమును చిన్ననాట నెరిగినవాడును కాడు. గ్రీకువిద్యయే ఇతని విద్య.

యౌవనమున ఇతనికి దైవమెవరో, మానవుడెట్లు బ్రదుకవలెనో తెలిసికొనవలెనను కోరిక కలిగెను. ఆ కాలమున అట్టి కోరిక గలవారు దేవాలయములకు పోవుటకన్న తత్త్వశాఖల గురువుల యొద్దకు పోవుటయే వాడుక. దేవాలయమున క్రతువు గలదు గాని బోధ లేదు. నడవడిని దిద్దు పని తత్త్వవేత్తలది. జస్టిన్ మొదట ఒక స్టోయిక్ గురువు నాశ్రయించెను. కొంతకాలము గడచినను దైవమును గూర్చి అతడేమియు చెప్పడయ్యెను. ఆ జ్ఞానము అవసరమని సయితము అతడు తలంపలేదు. పిదప అరిస్టాటిల్ శాఖకు చెందిన యొకని చేరగా, అతడు కొన్ని దినములకే బోధనా వేతనము నిర్ణయింపుమని యడిగెను. ఆ మాటతో జస్టిన్‌కు అతడు తత్త్వవేత్తయే కాడని తోచెను. మూడవవాడు పైథాగొరసు శాఖీయుడు. సంగీతము, జ్యోతిషము, క్షేత్రగణితము ముందుగా అభ్యసించినగాని తనవద్ద స్థానము లేదని అతడు త్రిప్పి పంపెను. తుదకు ప్లేటో శాఖీయు డొకనివద్ద జస్టిన్ మనస్సు కుదుటపడెను. ఇంద్రియములకు గోచరించు వస్తువులకు వెనుక శాశ్వత తత్త్వము గలదను బోధ ఇతనికి రెక్కలు మొలిచినంత సంతోషము నిచ్చెను. త్వరలోనే దైవదర్శనము కలుగునని ఆశపడెను.

ఒక గురువునుండి మరియొక గురువునొద్దకు పోవు ఇట్టి కథనము ఆకాలపు గ్రంథకర్తలకు పరిపాటి గనుక, ఇందు కొంత అలంకారము కలసియుండునని పండితులు తలంచుచున్నారు. అట్లయినను ఇందలి ఫిర్యాదు నిజమైనదని మా యభిప్రాయము. నాటి తత్త్వవిద్య యొక దానికి తీరిక కావలెను, మరియొక దానికి ధనము కావలెను, వేరొక దానికి పూర్వవిద్య కావలెను. ఈ మూడును లేని సామాన్యుడు ధర్మమునకై యెచ్చటికి పోవలెను? జస్టిన్ జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానముగా నడచినట్లు మాకు కనబడుచున్నది.

ఏకాంతమునకై ఇతడొకనాడు సముద్రమునకు అనతిదూరమున జనసంచారము లేని చోట తిరుగుచుండగా ఒక వృద్ధుడు వెంట వచ్చెను. ఎక్కడికో పోయిన తనవారి కొరకు వెదకుచు వచ్చితినని అతడు చెప్పెను. మాటలలో తత్త్వప్రసంగము సాగెను. దైవమును చూచినవారుగాని, చూచినవారి వలన విన్నవారుగాని కాని తత్త్వవేత్తలు దైవమును గూర్చి యెట్లు నిశ్చయముగా చెప్పగలరని ముసలివాడు ప్రశ్నించెను. ఆత్మ స్వభావముచేతనే అమరమని ప్లేటో మతస్థులు చెప్పుదానిని ఖండించి, అది దైవేచ్ఛచే మాత్రమే నిలుచునని వాదించెను. వారికంటె ప్రాచీనులైన హెబ్రీ ప్రవక్తలను చదువుమని చెప్పి వెడలిపోయెను. జస్టిన్ మరల అతనిని చూడలేదు. అతని పేరును గ్రంథమున లేదు.

ఇతని మనస్సును మార్చినది ఈ వాదమొక్కటియే కాదు. తాను ప్లేటో సిద్ధాంతమున ఆనందించు దినములలోనే క్రైస్తవులను గూర్చిన నిందలు వినుచుండెడివాడు. వారు శిశుమాంసము తిందురనియు, చీకటిలో వావివరుసలు లేక ప్రవర్తింతురనియు లోకము చెప్పుకొనుచుండెను. వారు వధ్యస్థానమునకు నిర్భయముగా పోవుటను జస్టిన్ కన్నులార చూచెను. భోగములకు దాసుడైనవాడు భోగములన్నిటిని హరించు మరణమును స్వాగతించునా, అధికారుల కన్నుగప్పి బ్రదుకుటకే చూడడా యని తర్కించుకొనెను. ఇది న్యాయవాది చేయదగిన అనుమానము. నిందలను వినుట మాని ముద్దాయిల నడవడిని చూచి నిర్ణయించుకొనెను.

క్రైస్తవుడైన పిదపను జస్టిన్ తత్త్వవేత్త ఉత్తరీయమును తీసివేయలేదు. తాను తత్త్వశాస్త్రమును వదలివేసితినని యతడు తలంపలేదు; నిజమైన తత్త్వము ఇప్పుడే లభించినదని తలంచెను. రోమునకు వచ్చి ఒక స్నానశాల పైభాగమున నివసించుచు, వచ్చినవారికెల్ల తాను నేర్చిన దానిని చెప్పుచుండెను. అస్సీరియా దేశీయుడగు టేషియన్ ఈ శిష్యులలో నొకడు.

ఇచ్చట ఆ కాలపు శాసనస్థితిని కొంత వివరింపక తీరదు. 112వ సంవత్సర ప్రాంతమున బితూనియ మండలపాలకుడగు ప్లినీ, తన యెదుటికి తేబడిన క్రైస్తవుల విషయమై ట్రాజన్ చక్రవర్తికి లేఖ వ్రాసెను. క్రైస్తవుడను పేరే నేరమా, లేక ఆ పేరుతో చేరియున్న దుష్కార్యములు నేరమా యని అందు స్పష్టముగా నడిగెను. పట్టు విడువనివారిని అప్పటికే వధింపించెను. ఆ సంఘమున సేవ చేయు ఇరువురు దాసీలను హింసించి విచారించినను, మితిమీరిన మూఢవిశ్వాసము తప్ప మరేమియు తనకు కనబడలేదని ఒప్పుకొనెను. ట్రాజన్ ప్రత్యుత్తరము క్లుప్తమైనది. క్రైస్తవులను వెదకి పట్టరాదు. పేరులేని ఆకాశరామన్న ఫిర్యాదులను స్వీకరింపరాదు. అభియోగము రుజువైన శిక్షింపవలెను. తాను క్రైస్తవుడు కానని చెప్పి దేవతలను పూజించినవానిని విడిచిపెట్టవలెను. ప్లినీ యడిగిన ప్రశ్నకు మాత్రము ఇందు సమాధానము లేదు. తరువాత హేడ్రియన్ చక్రవర్తి ఆసియా మండలపాలకునకు వ్రాసిన యుత్తరువులో, ప్రజల కేకలనుబట్టి కాక న్యాయస్థానమున రుజువునుబట్టి నడువవలెననియు, దురుద్దేశముతో అభియోగము తెచ్చువారిని శిక్షింపవలెననియు చెప్పెను. అయినను పేరు నేరముగానే నిలిచెను.

155వ సంవత్సర ప్రాంతమున జస్టిన్ ఆంటొనైనస్ పయస్ చక్రవర్తికిని, ఆయన దత్తపుత్రులకును ఒక విజ్ఞాపనము వ్రాసెను. ఆ పుత్రులలో నొకడు తరువాత చక్రవర్తియైన మార్కస్. హేడ్రియన్ ఉత్తరువును జస్టిన్ ఈ విజ్ఞాపనమునకు జతపరచెను. ఇది దయకై చేసిన మొర కాదు. పాలకులు ధర్మపరులనియు తత్త్వజ్ఞులనియు పేరు వహించినవారు గనుక ఆ పేరునకు తగినట్లు విచారింపుడని అడుగు పత్రమిది. పేరు మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. చేసిన పనియే విచారణకు తగినది. తత్త్వవేత్తలను పేరుతో తిరుగువారిలో దుష్టులున్నంతమాత్రమున తత్త్వవేత్తలనందరిని దండించుట లేదు గదా. క్రైస్తవుల విషయమునను అట్లే యొక్కొక్కని నడవడిని యొక్కొక్కటిగా విచారింపుడని యతడు వాదించెను. అంతటితో నాగక, క్రీస్తుబోధ ననుసరింపక పేరునకు మాత్రము క్రైస్తవులైనవారు నేరము చేసిన వారినిగూడ శిక్షింపుడని తానే కోరెను. తన పక్షమువారికి ప్రత్యేక రక్షణ నతడు వేడలేదు. అందరికి గల శాసనమునే తమకును వర్తింపజేయుమని యడిగెను.

ఈ గ్రంథమున మరియొక గొప్ప భావన గలదు. గ్రీకుభాషలో లోగస్ అను పదమునకు వాక్కనియు, వివేకమనియు అర్థములు. ప్రపంచమంతయు ఈ వివేకముచే వ్యాపింపబడి యున్నదని స్టోయిక్కులు చెప్పుచుండిరి. ఆ సంపూర్ణ వివేకమే క్రీస్తుగా అవతరించెనని జస్టిన్ సిద్ధాంతము. అయితే దాని బీజములు సర్వజాతులయందును చల్లబడి యున్నవి గనుక, వివేకముననుసరించి జీవించిన సోక్రటీసు, హెరాక్లిటస్ మొదలగువారు క్రీస్తునకు పూర్వులైనను క్రైస్తవులేయని యతడు చెప్పెను. సోక్రటీసును కూడ నాస్తికుడనియే గదా ఏథెన్సువారు చంపిరని జ్ఞాపకము చేసెను. అన్యులయందలి మంచిని నిరాకరింపక తనదిగా చెప్పుకొను ఈ పద్ధతిలో ఔదార్యము గలదు. కొంత ఆక్రమణయు గలదు. సోక్రటీసు తన్ను క్రైస్తవుడని పిలుచుటకు సమ్మతించునో లేదో అడిగిన వారెవ్వరు?

ఇక నీతిబోధలో ఈ రెండు మార్గములకు గల సామ్యమును, భేదమును చూతము. క్రైస్తవ నీతి యంతయు లోకమునకు అపూర్వమైనదని కొందరు చెప్పుదురు. అది చరిత్రకు సరిపడదు. నీరో చక్రవర్తిచే గ్యారస్ ద్వీపమునకు వెడలగొట్టబడిన స్టోయిక్ గురువు ముసోనియస్ రూఫస్, స్త్రీలకును పురుషులతోపాటు తత్త్వవిద్య నేర్పవలెననెను. భార్య దాసునితో కూడుట తప్పయినచో భర్త దాసితో కూడుటయు తప్పేయని చెప్పెను. పుట్టిన బిడ్డలనెల్ల పెంచవలెనని బోధించెను. దాసులు మనవంటి మనుష్యులేయని సెనెకా వ్రాసెను. ముసోనియస్ శిష్యుడగు ఎపిక్టీటస్ పుట్టుకచే దాసుడు. శిశువులను వీథిలో పారవైచుటను జస్టిన్ తన విజ్ఞాపనమున ఖండించినప్పుడు, ఉత్తములైన స్టోయిక్కులు అప్పటికే చెప్పియున్న మాటనే చెప్పుచుండెను. ఇతడు ఆ సంగతి నెరుగనివాడు కాడు. నీతి విషయమున స్టోయిక్కులను మెచ్చుకొని, వివేకమార్గమున నడచి లోకద్వేషమునకు గురియైనవారిలో ముసోనియస్‌ను పేరుపెట్టి పేర్కొనెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

భేదము వేరొక చోట గలదు. మొదటిది, ఆ నీతి యెవరికి అందుచుండెననునది. స్టోయిక్ సిద్ధాంతము దాసునకుగాని స్త్రీకిగాని తలుపు మూయలేదు. కాని దీర్ఘకాలపు అభ్యాసము కావలెను. నికోపోలిస్‌లో ఎపిక్టీటస్ బోధ వినుటకు వచ్చినవారిలో పదవులకు పోవు కలవారి బిడ్డలే యెక్కువ. జస్టిన్ వర్ణించు సభ వేరు. అక్షరముల రూపమైన నెరుగనివారు, చేతిపనివారు, విధవలు అందు గలరు. పూర్వము ధనార్జనయే ప్రియముగా నుండినవారు ఇప్పుడు లేనివారితో పంచుకొనుచున్నారనియు, వేరు జాతివానితో కలసి యుండుటకు సమ్మతింపనివారు ఇప్పుడు ఒక్కచోట నివసించుచున్నారనియు అతడు వ్రాసెను. సోక్రటీసునందలి నమ్మకముచే ప్రాణము విడిచినవారు లేరనియు, క్రీస్తునందలి నమ్మకముచే పామరులు సయితము విడిచిరనియు అతడు గర్వముతో చెప్పెను.

రెండవది, పరుల దుఃఖమును గూర్చినది. స్టోయిక్కులు ఉపకారము చేయుమనిరి గాని, పరదుఃఖముచే మనస్సు కలతపడుటను దౌర్బల్యముగా నెంచిరి. దుఃఖితునితో పైకి సానుభూతి చూపినను లోన చలింపరాదని ఎపిక్టీటస్ బోధ. క్రైస్తవసభలో ఆదివారము పూట ప్రార్థన, రొట్టె ద్రాక్షారసముల పంపకము ముగిసిన పిదప, శక్తిగలవారు తమ యిచ్ఛకొలది ధనమిచ్చెడివారు. అది సభాధ్యక్షునివద్ద నుంచబడెడిది. అనాథలకు, విధవలకు, రోగులకు, చెరసాలలోనివారికి, పరదేశులకు దానిని వినియోగించెడివారు. జస్టిన్ ఈ యేర్పాటును వర్ణించునది కొలది వాక్యములలోనే. అయినను ఆ గ్రంథమున నెల్ల ఇదియే మాకు బలవత్తరమైన వాదముగా తోచుచున్నది. దయ ఒక వ్యక్తి మనఃస్థితి మాత్రమై యుండినచో ఆ వ్యక్తితో పోవును. దానికి ఒక పెట్టె, ఒక లెక్క, బాధ్యుడైన మనిషి, వారమున కొక దినము ఏర్పడినచో నిలుచును.

మూడవది విధిని గూర్చిన వాదము. సర్వమును విధిచేతనే జరుగునని చెప్పు స్టోయిక్కులు మంచిచెడ్డల నెట్లు నిర్ణయింతురని జస్టిన్ అడిగెను. స్వతంత్రేచ్ఛ లేనిచో నిందకుగాని ప్రశంసకుగాని చోటు లేదని యతని వాదము. స్టోయిక్కుల యొద్ద దీనికి సమాధానము లేకపోలేదు. కాని నేరమును శిక్షించు ఏ న్యాయస్థానమైనను జస్టిన్ చెప్పినదానినే యాధారముగా గొని నడుచుచున్నది.

ఒక విషయమున స్టోయిక్కులదే పైచేయి యని చెప్పక తప్పదు. సద్గుణమునకు సద్గుణమే ఫలమని వారు బోధించిరి. జస్టిన్ మాటిమాటికి నిత్యాగ్నిని చూపి భయపెట్టును. భయముచే మనుష్యులను మంచివారిగా చేయజూచుట తగునాయని ఆనాటి తత్త్వవేత్తలు ఆక్షేపించినట్లు అతడే తెలిపెను. అతడిచ్చిన సమాధానము అంత తృప్తికరముగా లేదు.

జస్టిన్ రెండవ విజ్ఞాపనమున ఒక వ్యాజ్యమును వివరించెను. రోమునగరమున ఒక స్త్రీ తన భర్తతో కూడ దుర్వృత్తిలో నుండెడిది. క్రీస్తుబోధ విని ఆమె మారెను, భర్త మారలేదు. బంధువుల మాటపై కొంతకాలము ఓర్చి, తుదకు విడాకుల నిచ్చి వేరుపడెను. భర్త కోపముచే ఆమె క్రైస్తవురాలని అభియోగము తెచ్చెను. తన యాస్తి వ్యవహారములు చక్కబెట్టుకొని పిదప సమాధానము చెప్పుకొందునని ఆమె చక్రవర్తికి అర్జీ పెట్టుకొనగా గడువు దొరకెను. ఆమెను ముట్టజాలక ఆ భర్త ఆమెకు బోధించిన టోలెమేయస్‌పై పడెను. తనకు తెలిసిన యొక శతాధిపతిచే అతనిని పట్టించి, నీవు క్రైస్తవుడవా యని యొక్కటే అడుగుమని చెప్పించెను. టోలెమేయస్ అవునని చెప్పి చాలకాలము చెరసాలలో బాధపడెను. తుదకు నగరాధిపతి లోలియస్ ఉర్బికస్ ఎదుట నిలిపినప్పుడును అదే ప్రశ్న, అదే సమాధానము, మరణశిక్ష విధింపబడెను. ప్రేక్షకులలోనుండి లూసియస్ అనువాడు లేచి, హత్యగాని దొంగతనముగాని వ్యభిచారముగాని చేయనివానిని పేరునకై యెట్లు శిక్షించితివని యడిగెను. నీవును అట్టివాడవే కాబోలునని ఉర్బికస్ అనగా లూసియస్ ఔననెను. అతనికిని అదే శిక్ష. తరువాత వచ్చిన మూడవవానికిని అదే శిక్ష.

ఈ కథను ఏ దేశపు న్యాయవాదియైనను తేలికగా గుర్తించును. పేరును నేరముగా చేసిన శాసనము ఎవ్వరి చేతికి ఆయుధమగునో ఇందు కనబడుచున్నది. దానిచే రాజ్యమునకు ఒరిగిన లాభమేమియు లేదు. భార్యపై పగబట్టిన యొక దుర్వృత్తుని కోరిక మాత్రము తీరెను.

తనకును ఇట్టి గతియే పట్టునని జస్టిన్ అప్పుడే వ్రాసెను. క్రెసెన్స్ అను సినిక్ శాఖీయుడు తన్ను పట్టింపజూచుచున్నాడని తెలిపెను. క్రైస్తవ బోధ నేమియు నెరుగకయే దూషించుచున్నాడని బహిరంగ వాదమున అతనిని ఓడించియుండెను. తుదకు పట్టించినవాడు అతడేయని పూర్వులు కొందరు చెప్పిరి గాని, విచారణ వృత్తాంతమున అతని పేరు లేదు.

161వ సంవత్సరమున మార్కస్ సింహాసనమెక్కెను. కొలది కాలమునకు రుస్టికస్ నగరాధిపతి యయ్యెను. జస్టిన్‌ను, అతనితోడి ఆరుగురిని అతని యెదుట నిలిపిరి. వారిలో ఖరితో యను స్త్రీ యొకతె. యెవెల్పిస్టస్ అనువాడు చక్రవర్తి గృహమునకు చెందిన దాసుడు, కప్పదొకియ దేశీయుడు. హియరాక్స్ ఫ్రుగియలోని ఇకోనియమునుండి వచ్చినవాడు. మిగిలినవారు ఖరిటన్, పేయన్, లిబేరియన్. ఈ విచారణ వృత్తాంతము మూడు పాఠములుగా మనకు లభించినది. అందు సంక్షిప్త పాఠము న్యాయస్థానపు నమోదునకు మిక్కిలి సమీపమైనదని పండితుల యభిప్రాయము.

రుస్టికస్ జస్టిన్ ఏ సిద్ధాంతము ననుసరించుచున్నాడని యడిగెను. అన్ని సిద్ధాంతములను నేర్వజూచి తుదకు క్రైస్తవుల సిద్ధాంతమును గైకొంటినని జస్టిన్ చెప్పెను. ఎచ్చట కూడుదురని యడుగగా, తాను నివసించు స్నానశాల పైభాగమును తప్ప మరియొక కూటస్థలము నెరుగనని చెప్పెను. పిదప ఒక్కొక్కరిని నీవు క్రైస్తవుడవా యని ప్రశ్నించి, వీరిని చెరచినది జస్టినేయా యని తెలిసికొనజూచెను. తాము తల్లిదండ్రులవలననే ఈ మతమును పొందితిమని కొందరు చెప్పిరి. జస్టిన్ మాటలు సంతోషముతో వినుచుంటిని గాని మతము తల్లిదండ్రులనుండి వచ్చినదని యెవెల్పిస్టస్ చెప్పెను. కొరడాలతో కొట్టించి తల నరికించినచో స్వర్గమునకు ఎక్కుదునని నమ్ముచున్నావా యని రుస్టికస్ జస్టిన్‌ను తుదకు ప్రశ్నించెను. ఓర్చుకొనినచో తనకు ఆ ఫలము కలుగునని జస్టిన్ నిశ్చయముగా చెప్పెను. దేవతలకు బలి యర్పింపుమను ఆజ్ఞను అందరును నిరాకరించిరి. కొరడాదెబ్బల పిదప శిరచ్ఛేదము జరిగెను.

ఈ న్యాయాధికారి యెవరు? మార్కస్ తన స్వగత గ్రంథపు మొదటి ప్రకరణమున రుస్టికస్‌కు కృతజ్ఞత తెలిపెను. తన శీలమునకు దిద్దుబాటు కావలెనని తెలియజేసినవాడును, తన సొంత గ్రంథములనుండి ఎపిక్టీటస్ బోధలను తెచ్చి యిచ్చినవాడును రుస్టికస్సేయని వ్రాసెను. ఎపిక్టీటస్ గురువు ముసోనియస్. అతనినే జస్టిన్ వివేకమార్గపు వీరునిగా పొగడెను. కనుక ముద్దాయి గౌరవించిన గురువు బోధయే న్యాయాధికారి గ్రంథశాలలోను ఉండెను. అంతియే కాదు. 93వ సంవత్సరమున డొమిషియన్ చక్రవర్తి, ఒక స్టోయిక్ వీరుని స్తుతించి గ్రంథము వ్రాసినందుకు అరులేనస్ రుస్టికస్‌ను చంపించెను. మన న్యాయాధికారి ఆ వంశమువాడేయని చరిత్రకారులు తలంచుచున్నారు. అంతరాత్మకై ప్రాణము విడుచుట అతని యింటివారికి తెలియని సంగతి కాదు.

అట్లయినను అతడు వెనుదీయలేదు. దీనికి కారణమును అతని సిద్ధాంతమునందే వెదకవచ్చును. పితృపితామహుల యాచారము ననుసరించి దేవతలకు నైవేద్యములు, బలులు సమర్పింపవలెనని ఎపిక్టీటస్సే బోధించెను. లోపలి మనస్సు స్వతంత్రముగా నుండినచో బయటి క్రతువు పౌరధర్మము మాత్రమే. చిటికెడు సాంబ్రాణి నిప్పులో వేయుటకు ప్రాణము వదలుకొనుట రుస్టికస్‌కు మొండితనముగా తోచియుండును. జస్టిన్ దృష్టిలో లోపలి మనస్సు, బయటి చేయి వేరు కావు. అసత్యమని తెలిసినదానికి మ్రొక్కిన చేయి మనస్సును చెరచును. స్టోయిక్కు తన స్వాతంత్ర్యమును హృదయమున దాచుకొని రాజ్యముతో సంధి చేసికొనెను. క్రైస్తవుడు ఆ సంధికి ఒప్పుకొనలేదు. ఇరువురిలో నెవ్వరిది ఉత్తమ మార్గమని మేము తీర్పు చెప్పబూనము. రాజ్యము ఆ సంధిని కత్తిచే బలవంతపెట్టరాదని మాత్రము చెప్పుదుము.

జస్టిన్ దోషములను కప్పిపుచ్చుట న్యాయము కాదు. ప్లేటో తన భావములను మోషే గ్రంథములనుండి యెత్తుకొనెనని అతడు వాదించెను. దానికి ఆధారము లేదు. టైబరు ద్వీపమున మాంత్రికుడగు సీమోనునకు రోమువారు విగ్రహము నిలిపిరని చక్రవర్తికే వ్రాసెను. 1574లో ఆ ద్వీపమున సేమో సాంకస్ అను ప్రాచీన దేవత పేరు గల శాసనము దొరకెను. దానినే అతడు తప్పుగా చదివియుండునని నేడు తలంచుచున్నారు. ట్రైఫో యను యూదునితో సంవాదరూపమున వ్రాసిన గ్రంథమున, యూదుల పవిత్రగ్రంథములు ఇక వారివి కావు, మావే యని చెప్పెను. ఆ సంవాదము పరస్పర మర్యాదతోనే ముగిసినది. ట్రైఫో అతనికి శుభము కోరియే వీడ్కొనెను. కాని తరువాతి శతాబ్దములలో ఆ వాదము మర్యాదను వీడి యూదులకు మహాపకారము చేసెను.

తరువాతి చరిత్ర యిట్టిది. 177లో గాల్ దేశపు లయన్స్ నగరమున క్రైస్తవుల విషయమై పాలకుడు వ్రాసి యడుగగా, నిరాకరించినవారిని విడిచి మిగిలినవారిని వధింపుమనియే మార్కస్ ఉత్తరువిచ్చెను. 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ లభించెను. 380లో వారి మతమే రాజ్యమతమయ్యెను. 385 ప్రాంతమున ట్రియర్ నగరమున ప్రిసిల్లియన్ అను బిషప్పు, తోడి బిషప్పులు కొందరు తెచ్చిన అభియోగముపై, క్రైస్తవ పాలకునిచే వధింపబడెను. టూర్సు నగరపు మార్టిన్ మున్నగువారు దానిని గర్హించిరి గాని ఆపజాలకపోయిరి. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్సున తత్త్వబోధను మాన్పించెను. ఒకప్పుడు తత్త్వవేత్త ఉత్తరీయముతో చక్రవర్తి యెదుట న్యాయమడిగిన జస్టిన్ మతస్థులు, తాము పీఠమెక్కినపుడు తత్త్వవేత్తలకు నోరు లేకుండ జేసిరి.

ఇందువలన జస్టిన్ వాదము తగ్గిపోలేదు. మరింత హెచ్చినదనియే మేము చెప్పుదుము. ఆ వాదము ఒక్క మతమునకు చెందినది కాదు. పేరునుబట్టి కాక పనినిబట్టి విచారింపుమను మాట బలహీనునకు మొదట జ్ఞాపకము వచ్చును, బలము రాగానే మరపునకు వచ్చును. రుస్టికస్ క్రూరుడు కాడు. శాసనము ననుసరించిన సజ్జనుడు. మిగిలిన ఆ నమోదును మరల చదివినప్పుడు మాకు ఒక్క లోపమే కనబడుచున్నది. ఏడుగురు ముద్దాయిలను అతడు సిద్ధాంతమును గూర్చి అడిగెను, గురువును గూర్చి అడిగెను, స్వర్గమును గూర్చి సయితము అడిగెను. వారు ఏ నేరము చేసిరని మాత్రము ఒక్కసారియు అడుగలేదు.